సీలు వేసిన వల

సమోనక్కకి నోరెక్కువ అని మా ఓచెక్ ఊళ్ళో అందరూ అంటారు. నేనూ అంటాను. ఇరవై ఏళ్ళుగా గోడ పక్కన ఉన్నవాణ్ణి, నాకు ఆ మాత్రం హక్కుంది. అరవై నాలుగేళ్ళ మనిషి, పొట్టి, వక్కాకు నమిలి నమిలి ఎర్రబడిపోయిన పళ్ళు. వానాకాలం వచ్చిందంటే తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్ళలో పొలం గట్ల వెంబడి చేతివల పట్టుకుని తిరుగుతుంది. గుండ్రటి వెదురు చట్రానికి బిగించిన వల. చిన్న చేపలు, రొయ్యపిల్లలు, నీటిపురుగులు, ఏది పడితే అదే ఆ పూటకి కూర. ఆ వలతోనే ఆమె ఇంకో పని కూడా చేస్తుంది. ఆ పని వల్లే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

మనిషికి ప్రాణం ఒకటి, ప్రలుంగ్ ఒకటి. ప్రాణం పోతే మనిషి పోతాడు. ప్రలుంగ్ పోతే మనిషి ఉంటాడు గానీ అన్నం సయించదు, నిద్ర పట్టదు, పిలిస్తే పలకడు. పెద్ద దెబ్బ తగిలినప్పుడో, హడలిపోయినప్పుడో అది ఒంట్లోంచి జారి ఆ చోటే పడిపోతుంది. దాన్ని ఎవరో ఒకరు వెళ్ళి వలతో ఎత్తి తేవాలి. మా చుట్టుపక్కల నాలుగూళ్ళకీ ఆ ఎవరో ఒకరు సమోనక్కే. మోటారు సైకిలు మీంచి పడ్డవాళ్ళకి, బావిలోంచి తీసిన పిల్లలకి, పాము కాటుకి బతికి బయటపడ్డవాళ్ళకి ఆమె వల పట్టింది. నేను ముప్పై ఏళ్ళప్పుడు పనసచెట్టు మీంచి పడితే నాక్కూడా పట్టింది. చెట్టు కింద మూడుసార్లు వల తిప్పి, ఇంటికొచ్చి, నా మణికట్టుకి దారం కట్టాక, మా ఆవిడ ఎదుటే సమోనక్క అంది.

"ఒరే థావోన్, ఇది చెట్టు కింద దొరకలేదురా. సారా సీసాలో ఉంటే లాక్కొచ్చాను. మళ్ళీ తాగి చెట్టెక్కావంటే అక్కడే వదిలేస్తా."

మళ్ళీ చెట్టెక్కలేదు. తాగడం సంగతి వేరే.

సమోనక్కకి ఒక్కతే కూతురు, లందువన్. మొగుడు ఇంకో సంసారం పెట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోతే, అయిదేళ్ళ కూతురితో తల్లి దగ్గరే ఉండేది. ఆ పిల్లని అందరం కుంగ్ అనేవాళ్ళం, అంటే రొయ్య. పుట్టినప్పుడు ముడుచుకుని అలాగే ఉండేదట. అమ్మమ్మ వల వెనకాల బురదలో నడుస్తూ, పడ్డ ప్రతి చేపకీ పేరు పెట్టేది. పేరు పెట్టిన చేపని కూర వండితే ఏడ్చేది. "ఈ ముండకి పేర్లు పెట్టడం మాన్పించకపోతే మనం వట్టి అన్నమే తినాలి" అని సమోనక్క గొణుక్కుంటూ, పేరు పెట్టిన వాటిని దొంగచాటుగా కాలవలో వదిలేసేది. నేను కళ్ళారా చూశాను.

మా ఊరికి దక్షిణాన కావడిబద్దలా పొడుగ్గా కొండ. ఈవల మేం, థాయ్ వాళ్ళం. ఆవల కంబోడియా. మాటొకటే, తిండొకటే, మా తాతల చుట్టాలు సగం మంది అటువైపే. కనుమ కింద గురువారం సంత జరుగుతుంది. లందువన్ అక్కడ బియ్యపు సేమ్యా, చేపల పులుసు అమ్మేది.

ఆ జూలైలో గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి సంతలో ఫిరంగి గుండు పడింది. వారం రోజులుగా కొండమీద రెండు సైన్యాలూ గుర్రుమంటున్నాయని మాకు తెలుసు. ఏటా ఉండేదే కదా అనుకున్నాం. లందువన్ గిన్నెలు కడగడానికి నీళ్ళు తెమ్మని కుంగ్‌ని కుళాయి దగ్గరికి పంపింది. పది అడుగుల దూరం. గుండు కుళాయి మీద పడింది. ఏడుగురు పోయారు. లందువన్ ఒంటి మీద గీత కూడా పడలేదు. నేను వెళ్ళేసరికి పులుసు కుండ పక్కన కూర్చుని, చేతిలో గరిటె పట్టుకుని, కుళాయి ఉండాల్సిన చోటు వైపు చూస్తోంది. గరిటె వదిలించడానికి ఇద్దరం కావలసి వచ్చాం.

ఆ మధ్యాహ్నమే ఊరు ఖాళీ చేయించారు. అరవై కిలోమీటర్ల దూరంలో పట్నం స్టేడియంలో చాపలు పరిచి వేలమందిని పెట్టారు. అక్కడి గుడిలోనే కుంగ్‌ని దహనం చేశాం. లందువన్‌ని తీసుకెళ్ళి ముందు కూర్చోబెడితే కూర్చుంది, లేవదీస్తే లేచింది. ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట లేదు, ముద్ద దిగలేదు. నోట్లో నీళ్ళు పోస్తే పెదవి చివరినుంచి కారిపోయేవి. డాక్టరు చూసి, సెలైను పెట్టి, ఒంట్లో లోపమేమీ లేదు, షాకు, టైము పడుతుంది అన్నాడు.

"టైము కాదు, దానికి ప్రలుంగ్ లేదు" అంది సమోనక్క నాతో. "సంతలో పడిపోయింది. నేను వెళ్ళాలి. బండి తియ్యి."

నా దగ్గర పక్కన తొట్టి తగిలించిన మోటారు సైకిలుంది. తీశాను. సంతకి రెండు కిలోమీటర్ల ముందే సైన్యం ఆపేసింది.

ఈలోగా ఏం జరిగిందంటే, మా ప్రభుత్వం గుండు అటునుంచి వచ్చిందంది. వాళ్ళ ప్రభుత్వం, కాదు, మీదే గురి తప్పి మీ నెత్తినే పడిందంది. మేం వాళ్ళ రాయబారిని వెళ్ళిపొమ్మన్నాం, మా రాయబారిని వెనక్కి పిలిపించుకున్నాం. సరిహద్దు గేట్లన్నీ మూసేశారు. నిరసన లేఖలు అటూ ఇటూ పోయాయి, ఐక్యరాజ్యసమితి దాకా పోయాయి. గుండు పడ్డ చోట ఏర్పడిన గుంట ఏ వైపుకి వాలి ఉందో కొలిస్తే అది ఎటునుంచి వచ్చిందో తేలుతుందట. అందుకని ఆ గుంట చుట్టూ తాళ్ళు కట్టి, మీద టార్పాలిను కప్పి, తుపాకులతో కాపలా పెట్టారు. బతికున్నప్పుడు ఆ కుళాయికి వాషరు వెయ్యమని పదిసార్లు అర్జీ పెట్టుకుంటే ఒక్కడు రాలేదు.

"నాయనా, నేను గుంటని ఎత్తుకుపోనురా" అని సమోనక్క ఆ సిపాయిని బతిమాలింది. "అయిదు నిముషాలు. వల తిప్పుకుని వచ్చేస్తా."

"నిషేధిత ప్రాంతం, అవ్వా. పై ఆర్డరు."

"పైవాడికి అమ్మ లేదా?"

"నాకు తెలీదు అవ్వా, నేనెప్పుడూ ఆయన్ని చూళ్ళేదు."

మూడు రోజులు వెళ్ళాం, మూడు రోజులూ అదే మాట. నాలుగో రోజు లందువన్‌ని ఆసుపత్రిలో చేర్చారు. బుగ్గల ఎముకలు బయటపడ్డాయి. సమోనక్క అంతగా నోరు పారేసుకునే మనిషి, మంచం పక్కన కూర్చుని కూతురి కాళ్ళు ఒత్తుతూ నోరు మెదపడం మానేసింది. నాకు అది చూస్తే భయం వేసింది. తిట్టని సమోనక్కని నేనెప్పుడూ చూడలేదు.

ఆరో రోజు రాజధాని నుంచి విదేశాంగశాఖ అమ్మాయి వచ్చింది. నల్ల కోటు, మెడలో బిళ్ళ. ఎల్లుండి పన్నెండు దేశాల దౌత్యవేత్తలని, సైనికాధికారులని గుంట దగ్గరికి తీసుకొస్తున్నాం, బాధిత కుటుంబాల వాళ్ళు ఒకరిద్దరు ఉంటే బాగుంటుంది, అవ్వ వస్తారా అని మర్యాదగానే అడిగింది.

"గుంట దాకా రానిస్తారా?" అంది సమోనక్క.

"తాడు దగ్గర దాకా."

"నా వల తెచ్చుకుంటాను."

ఆ అమ్మాయి వల వైపు చూసింది. చేపలు పట్టుకునే పేదరాలు, ఫొటోకి బాగుంటుందనుకుందో ఏమో, సరేనంది.

ఆ సాయంత్రం సమోనక్క సరంజామా సర్దుకుంది. లందువన్ తొడుక్కునే పసుపు రవికె, ఉడికించిన గుడ్డు, అన్నం ముద్ద, అరటిపండు, అన్నీ వల్లో పెట్టడానికి. తెల్లదారం నడుముకి దోపుకుంది. సర్దుతూ సర్దుతూ చెయ్యి ఆపేసింది.

"థావోన్, అక్కడ ఏడుగురు పోయారురా."

"అయితే?"

"మనిషి పోయిన చోట బతికున్నవాళ్ళని పిలిస్తే, పోయినవాళ్ళు మమ్మల్నేమో అనుకుని లేచొస్తారు. వాళ్ళు ఎక్కితే వల్లో ఇక దీనికి చోటుండదు. ముందు వాళ్ళకి రావద్దని చెప్పాలి. ఒక్కొక్కళ్ళకీ, పేరు పెట్టి."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, "ఆరుగురికి చెప్పు. చిన్నది కదా, అది వస్తే మాత్రం ఏం" అన్నాను.

"అది అందరికంటే ముందు పరిగెత్తుకొస్తుంది వెధవా. నా గొంతు దానికి తెలుసు" అని వల మీద తల పెట్టుకుంది. ఏడిచిందో లేదో నాకు కనపడలేదు.

ఎనిమిదో రోజు తెల్లకార్లు వరసగా వచ్చాయి. దొరలు, దొరసానులు హెల్మెట్లు పెట్టుకుని, నీలం చొక్కాలు తొడుక్కుని దిగారు. టార్పాలిను తీశారు. మా సైనికాధికారి కర్రతో చూపిస్తూ కోణాలు, డిగ్రీలు చెప్పాడు. ఒకాయన టేపు పెట్టి కొలిచాడు. ఇంకొకాయన మోకాళ్ళమీద కూర్చుని మట్టి వాసన చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం వాసన వస్తుంది? పులుసు వాసనే వస్తుంది.

తర్వాత సమోనక్కని ముందుకి తెచ్చారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. ఆమె ఎవరి వైపూ చూడలేదు. తాడు దగ్గర చెప్పులు విప్పి, వంగి దాని కిందనుంచి దూరి, గుంట అంచున కూర్చుంది. సిపాయి ఒక అడుగు వేశాడు గానీ పన్నెండు దేశాలవాళ్ళు చూస్తుండగా ముసలిదాని రెక్క పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ముందు ఆరు పేర్లు చెప్పింది. మందులమ్మే ముసలాయన, అల్లుడితో వచ్చిన కొబ్బరికాయల ఆవిడ, అందరూ మాకు తెలిసినవాళ్ళే. "మీరు రాకండి బాబూ, మీవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు, మీరు రాకండి" అంది. గొంతు గట్టిగానే ఉంది.

"కుంగ్, నువ్వు రాకే" అంది. "అమ్మమ్మ నీ కోసం రాలేదు. నువ్వు అక్కడే ఉండు. వెనకాల రాకు. వల పట్టుకోకు. మంచిదానివి కదూ, రాకు."

నల్ల కోటు అమ్మాయికి రాజధాని థాయ్ తప్ప, కొండకి రెండువైపులా మాట్లాడుకునే మా మాట రాదు. ఎవరో దొర ఏమంటోందని అడిగితే, న్యాయం కావాలంటోంది అని చెప్పింది. ఇద్దరు దొరసానులు కళ్ళు తుడుచుకున్నారు.

సమోనక్క లేచి, "లందువన్, ఇంటికి రా, అన్నం చల్లారిపోతోంది, రా" అని పిలుస్తూ గుంటలోంచి మూడుసార్లు వల తిప్పింది. మూడోసారి వల బరువెక్కినట్టు చెయ్యి కిందికి దిగింది. పైన గుడ్డ కప్పి గుండెలకి హత్తుకుంది. ఇక మనిషి దగ్గరికి చేరి దారం కట్టేదాకా వల పట్టినవాళ్ళు మాట్లాడకూడదు. నోరు విప్పితే అది జారిపోతుంది. ఆమె నా వైపు తల ఊపింది. నేను బండి తీశాను.

ఇంకో అరగంటలో ఆసుపత్రికి చేరేవాళ్ళం. చివరి చెక్‌పోస్టు దగ్గర జీపు అడ్డం పెట్టారు.

సంగతేమిటంటే, సమోనక్క గుంటలో వల తిప్పడం కెమెరాల్లో ప్రపంచమంతా చూసింది. అటువైపు మంత్రిత్వశాఖ అరగంట తిరక్కుండా ప్రకటన పారేసింది. పరిశీలకుల కళ్ళముందే ముసలమ్మ చేత గుంటలోంచి గుండు ముక్కలు ఎత్తించేస్తున్నారు, సాక్ష్యాన్ని మాయం చేస్తున్నారు అని. మా మాట, మా ఆచారం వాళ్ళకి తెలియనిదా? వాళ్ళ ఊళ్ళలోనూ ఇదే వల తిప్పుతారు. కానీ ప్రకటనలు రాసేవాళ్ళు ఊళ్ళలో ఉండరు కదా. మావాళ్ళకి గాభరా పుట్టింది. వలలో ఏమీ లేదని రుజువు చెయ్యడానికి వల కావాలి.

"వల ఇవ్వండమ్మా" అన్నాడు జీపులోంచి దిగిన అధికారి.

సమోనక్క తల అడ్డంగా ఊపింది. పెదాలు బిగబట్టింది.

"ఎందుకు ఇవ్వరు? ఏముంది అందులో? మాట్లాడరేం?"

"ఆమె మాట్లాడకూడదయ్యా!" అన్నాను. "వల్లో ఆమె కూతురుంది."

నేను అలా చెప్పి ఉండకూడదు. అతను నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నేను విడమరచి చెప్పాలనుకున్నాను, కోపం వచ్చి తిట్టాను, ఇద్దరు సిపాయిలు నన్ను బండికి ఆనించి పట్టుకున్నారు. ఒకడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ నోటికి జీపు జీపే వెనక్కి పోయేది. ఆమె అనలేదు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా పెదవి విప్పలేదు. జీపు వెళ్ళి దుమ్ము అణిగాక కూడా విప్పలేదు.

వల అడుగున మట్టితో పాటు గోరంత ఇనుపముక్క దొరికింది. దాంతో వల సాక్ష్యమైపోయింది. గుడ్డు, అన్నం, అరటిపండు పారేసి, వలని, రవికెని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సీలు వేసి, మూడు సంతకాలు పెట్టి జిల్లా ఆఫీసులో ఉంచారు. రెండు దేశాల సంయుక్త కమిటీ కూర్చుని చూసేదాకా తియ్యడానికి వీల్లేదట. కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది? రాయబారులు తిరిగి వచ్చాక. రాయబారులు ఎప్పుడొస్తారు? అవతలివాళ్ళు క్షమాపణ చెప్పాక. క్షమాపణ ఎప్పుడు చెబుతారు? కమిటీ తేల్చాక. ఈ మాటలు నాకు నాలుగు కిటికీల దగ్గర నలుగురు ఎంతో ఓపిగ్గా చెప్పారు. ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను.

సమోనక్క ఆ అయిదు రోజులూ నోరు విప్పలేదు. దారం కట్టలేదు కదా, పని పూర్తికాలేదు. ఆమె లెక్కలో ఇంకా దారిలోనే ఉంది. వేలితో సైగలు చేసేది, పాలు తాగేది. లందువన్‌కి ముక్కులోంచి గొట్టం వేశారు. అది కూడా కక్కేస్తోంది. పదమూడో రోజు పొద్దున డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మనిషికి బతకాలని లేకపోతే మా చేతుల్లో ఏమీ ఉండదు, పెద్దామెని సిద్ధం చెయ్యండి అన్నాడు.

నేను వెళ్ళి సమోనక్కకి చెప్పాను. ఆమె కూతురి ముక్కులోంచి గొట్టం తనే తీసేసింది. సెలైను సూది పీకేసింది. పిల్లని రెండు చేతులా ఎత్తి నా వైపు చూసింది. నర్సు కేక వేసింది. నేను వెళ్ళి బండి తీశాను. వల రాకపోతే మనిషినే వల దగ్గరికి తీసుకెళ్ళాలి, ఇంతసేపూ నా బుర్రకి ఎందుకు తట్టలేదో.

జిల్లా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. సంచి ఉన్న గది ఉపాధికారి అధీనంలో ఉంది. యాభై ఏళ్ళాయన, చెమటలు కక్కుతూ బియ్యపు సేమ్యా తింటున్నాడు. ఎముకల గూడులాంటి కూతుర్ని మోసుకుంటూ తల్లి లోపలికొస్తే చెంచా కింద పెట్టేశాడు. నేను చేతులు జోడించి చెప్పాను. ఈసారి తిట్టలేదు.

ఆయన లందువన్ వైపు చూశాడు. "నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ వల పట్టింది" అన్నాడు. "గేదె పొడిస్తే."

"అయితే ఇప్పించండి, బాబూ."

"సీలు విప్పితే నా ఉద్యోగం పోతుంది. దేశం పరువు అంటారు." లేచి తాళం తీసి, సంచి తెచ్చి బల్లమీద పెట్టాడు. "విప్పను. చూసుకోండి. నేను భోంచేస్తున్నాను, నేనేమీ చూడ్డం లేదు." అటు తిరిగి కూర్చున్నాడు గానీ తినలేదు.

సమోనక్క కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిల్ల చేతిని సంచి మీద పెట్టింది. ప్లాస్టిక్ లోంచి పసుపు రవికె కనిపిస్తోంది. మణికట్టుకి దారం చుట్టి, మూడు ముళ్ళు వేసి, అయిదు రోజుల తర్వాత నోరు విప్పింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"లందువన్, వచ్చేశాం. దిగు. అన్నం తిందువుగాని."

ఏమీ జరగలేదు. నేను గోడ వైపు తిరిగాను, చూడలేక. అంతలో ప్లాస్టిక్ చప్పుడైంది. తిరిగి చూస్తే లందువన్ వేళ్ళు కదులుతున్నాయి. సంచిని తడుముతోంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, వల మూలమూలా, పిల్లలు పండు దాచిన గుడ్డని తడిమినట్టు తడిమింది.

"అమ్మా" అంది. "కుంగ్ లేదేం?"

సమోనక్క అబద్ధం చెప్పొచ్చు. నేనైతే చెప్పేవాణ్ణి.

"అది వస్తానంది. నేనే రావద్దన్నాను."

లందువన్ తల్లి ముఖంలోకి చూసింది. పదమూడు రోజుల్లో మొదటిసారి ఎవరినైనా చూసింది. తర్వాత నోరు తెరిచి అరిచింది. ఆ అరుపుకి వరండాలో బంట్రోతులు పరిగెత్తుకొచ్చారు. ఆ పిల్ల పుల్లల్లాంటి రెండు చేతులతో తల్లిని కొట్టడం మొదలుపెట్టింది, ముఖం మీద, భుజాల మీద, ఎక్కడ పడితే అక్కడ. "రావద్దనడానికి నువ్వెవరే? నా పిల్లని రావద్దనడానికి నువ్వెవరే?"

బంట్రోతు ఆపబోతే ఉపాధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. సమోనక్క ముఖం పక్కకి తిప్పుకోలేదు. దెబ్బ దెబ్బకీ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"కొట్టవే" అంది. "నీకు నీ కూతురు కావాలి. నాకు నా కూతురు కావాలి. కొట్టు."